కణాల్ని ఏరిపెట్టిన సుబ్బారావు మందు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు హెచ్‌ఐవి మందులు వాడేవాళ్లకు ‘సిడి4 కౌంట్’ అన్న మాట కొత్త కాదు. కౌంట్ పెరిగితే ఇంటిల్లిపాదికీ ఊరట, తగ్గితే దిగులు. ఆ రిపోర్టు లెక్కపెట్టేది రక్తంలోని ఒక రకం తెల్లకణాల్ని. వాటి పైపొర మీద సిడి4 అనే ప్రొటీన్ ఉంటుంది. రోగనిరోధక కణాల మీద ఇలాంటి ప్రొటీన్లు వందల్లో ఉన్నాయి. గుర్తుపట్టే వీలు కోసం 1982 నుంచి వాటికి సిడి నంబర్లు ఇస్తున్నారు. ఆ వరుస ఇప్పుడు 370 దాటింది.

ఇన్నింటిలో ఏది ఏ పని చేస్తుందో తేల్చడమెలా? రక్తంలోంచి తీసిన కణం మీద అన్నీ కలగలిసి ఉంటాయి. పైగా అది ప్రయోగశాలలో ఎక్కువ రోజులు బతకదు. అందుకే ఆ ప్రొటీన్ బొత్తిగా లేని, ఎన్నేళ్లైనా పెరుగుతూ ఉండే మనిషి కణాల్ని తీసుకుని, వాటిలో ఆ ఒక్క ప్రొటీన్ జన్యువును చేరుస్తారు. చేర్చినవాటినీ చేర్చనివాటినీ పక్కపక్కన పరీక్షిస్తారు. తేడా కనిపిస్తే అది ఆ ప్రొటీన్ వల్లే.

1986లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఆక్సెల్ బృందం సరిగ్గా ఇదే చేసింది. అందుకు వాడిన హీలా కణాలు హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ క్యాన్సర్ గడ్డ నుంచి 1951లో, ఆమెను అడగకుండానే తీసినవి. వాటి మీద సిడి4 లేదు, హెచ్‌ఐవి వాటి జోలికి పోదు. సిడి4 జన్యువు చేర్చగానే వైరస్ లోపలికి చొరబడింది. కానీ అదే జన్యువును ఎలుక కణాల్లో పెడితే వైరస్ వచ్చి అతుక్కుందే తప్ప లోపలికి పోలేకపోయింది. మనిషి కణంలో ఇంకేదో తోడు ఉండాలన్నమాట! ఆ తోడు ప్రొటీన్లు, సిఎక్స్‌సిఆర్4, సిసిఆర్5, 1996లో బయటపడ్డాయి. సిసిఆర్5ను అడ్డుకునే మారావిరాక్ అనే మందు 2007లో వచ్చింది.

వినడానికి తేలికే గానీ, అసలు చిక్కు వేరే ఉంది. లక్షల కణాల మీద జన్యువు పోస్తే దాన్ని నిలుపుకునేవి ఏ కొన్నో. గడ్డివాములో సూదిని ఏరేదెలా?

ఇక్కడే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు తలుచుకోవాలి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చి, జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గుతుందని 1948లో చూపించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

అమినోప్టెరిన్ తగిలిన కణం డిఎన్‌ఎకు కావలసిన సరుకు సొంతంగా తయారుచేసుకోలేదు. బయట దొరికే హైపోజాంథిన్, థైమిడిన్ వాడుకోగలిగితేనే బతుకుతుంది. దానికి తగిన ఎంజైముల జన్యువులు కావాలి. 1962లో ఎలిజబెత్, వాట్స్‌వాఫ్ షిబాల్స్కీ దంపతులు అలాంటి జన్యువు ఒకటి లోపించిన మనిషి కణాలకు ఆరోగ్యంగా ఉన్న కణాల డిఎన్‌ఎ అందించి, అమినోప్టెరిన్‌లో ఉంచారు. జన్యువు అందినవి మిగిలాయి. మనిషి కణాన్ని జన్యువుతో మార్చడంలో తొలి విజయాల్లో అదొకటి. 1970ల చివర్లో ఆక్సెల్ బృందమూ ఈ పద్ధతినే పట్టుకుంది. తమకు కావలసిన జన్యువును, థైమిడిన్ వాడుకునే జన్యువుతో కలిపి పంపింది. కణాల్ని పెంచే గులాబీ రంగు ద్రవంలో చచ్చిన కణాలు ఊడి తేలిపోతాయి. కొద్దిరోజులకు పళ్లెం అడుగున అక్కడక్కడా చుక్కల్లా గుంపులు కనిపిస్తాయి. ఒక్కో గుంపూ ఒక్క కణం సంతానం. నేడు ఏరడానికి వేరే మందులూ, లేజర్ యంత్రాలూ వచ్చాయి, కిటుకు మాత్రం అదే.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మాత్ర అదే. దాని మోతాదు పెంచుకుంటూ పోతే, తట్టుకునే జన్యువుకు కాపీలు పెంచుకున్న కణాలే నిలుస్తాయి. దానితో జతచేసిన యాంటీబాడీ జన్యువూ పెరుగుతుంది. బి కణాలనే తెల్లకణాల మీది సిడి20ని పట్టుకునే యాంటీబాడీ మందు రిటక్సిమాబ్‌ను తొలుత తయారుచేసిన హామ్‌స్టర్ కణాల్ని ఇలాగే ఎంచారు. దానికి దీటైన రెడిటక్స్‌ను హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో తక్కువ ధరకు లింఫోమా రోగులకు అందుబాటులోకి తెచ్చింది.