తెర మీద పుట, చేతిలో పుస్తకం

ఎలక్ట్రానిక్ సాహిత్యం అనే పేరు కింద రెండు వేరువేరు సంగతులు వస్తాయి. అచ్చులో ఉన్న పుస్తకాన్నే కంప్యూటర్ మీదో ఫోన్ మీదో చదువుకునేలా మార్చినది ఒకటి. అచ్చుతో పని లేకుండా తెర కోసమే పుట్టినది రెండోది. మొదటిదానికి నాంది 1971లో పడింది. ఆ ఏడాది జులై 4న అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను టైపు చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు, కావలసినవాళ్లు తీసుకోవచ్చన్నాడు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అలా మొదలైంది. 2007 నవంబరులో అమెజాన్ సంస్థ కిండిల్ అనే ఈ-రీడర్‌ను అమ్మకానికి పెట్టాక ఈ-పుస్తకం మామూలు పాఠకుల ఇళ్లలోకి వచ్చింది.

తెరలన్నీ ఒకటి కావు. ఫోన్, టాబ్లెట్ తెరలు తమ వెలుగును నేరుగా కంట్లోకి పంపుతాయి. ఈ-రీడర్లలో వాడే ఎలక్ట్రానిక్ సిరా తీరు వేరు. ఆ తెర లోపల కంటికి ఆనని బుడగలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో బుడగలో నల్ల రేణువులు, తెల్ల రేణువులు ఉంటాయి, వాటి విద్యుదావేశాలు ఒకదానికొకటి వ్యతిరేకం. అడుగున ఆవేశాన్ని మారిస్తే ఒక రంగు పైకి తేలుతుంది, రెండోది కిందికి దిగుతుంది. నల్లవి తేలిన చోట అక్షరం కనిపిస్తుంది. పుట మారేటప్పుడే కరెంటు ఖర్చవుతుంది కాబట్టి ఒకసారి చార్జి చేస్తే చాలా రోజులు వస్తుంది. కాగితం లాగే బయటి వెలుతురుతో కనిపిస్తుంది కాబట్టి ఎండలోనూ చదవొచ్చు.

నిద్రకు ముందు చదివేవాళ్లకు ఈ తేడా ముఖ్యం. వెలుగు చిమ్మే తెర మీద రాత్రిపూట చదివినవాళ్లలో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ తగ్గిందని, వాళ్లకు నిద్ర పట్టడానికి దాదాపు 10 నిమిషాలు ఎక్కువ పట్టిందని 2015లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. అందులో పాల్గొన్నది 12 మందే, అదీ రోజుకు నాలుగు గంటల చదువు. కాబట్టి దాన్ని హెచ్చరికగా తీసుకోవాలే తప్ప తీర్పుగా కాదు.

కంటి సంగతి కంటే బుర్రకెక్కే సంగతి పెద్దది. 2000 నుంచి 2017 వరకు వచ్చిన 54 అధ్యయనాలను స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు ఒకచోట చేర్చి 2018లో లెక్క తేల్చారు. వాటిలో పాల్గొన్నవాళ్లు అందరూ కలిపి 1,70,000 మందికి పైనే. మొత్తం మీద కాగితం మీద చదివినవాళ్లకే ఎక్కువ అర్థమైంది. అయితే ఆ ఆధిక్యం అన్నిచోట్లా ఒక్కలా లేదు. పాఠాలు, వ్యాసాలు, సమాచారం నిండిన రచనల్లో అది స్పష్టంగా కనిపించింది. గడువు పెట్టి చదివించినప్పుడు పెరిగింది. ఒట్టి కథల దగ్గర మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫోన్లు చేతుల్లోనే పెరిగే తరం వస్తే తేడా దానంతటదే పోతుందని చాలామంది అనుకున్నారు. ఆ 18 ఏళ్లలో అది పోకపోగా ఇంకాస్త పెరిగింది. పాఠ్యపుస్తకాలు తీసేసి పిల్లల చేతికి టాబ్లెట్లు ఇవ్వాలనుకునే బడులు అన్నిటికంటే ముందు చూడాల్సిన లెక్క ఇదే.

కారణం ఒక్కటే అని చెప్పలేం. ఇజ్రాయెల్‌లో 2011లో వచ్చిన అధ్యయనం ఒక ఆసక్తికరమైన విషయం బయటపెట్టింది. ఎంతసేపు చదవాలో విద్యార్థుల ఇష్టానికే వదిలేస్తే, తెర మీద చదివినవాళ్లు తమకు పాఠం బాగా వచ్చేసిందనుకున్నారు. పరీక్ష పెడితే అంత రాలేదు. తెర చూడగానే మనసు వార్తలు, సందేశాలు తిరగేసే ధోరణిలోకి జారుతుందని, ఆగాల్సిన చోట ఆగదని ఒక వివరణ. రెండో కారణం చోటుకు సంబంధించినది. పుస్తకంలో చదివిన విషయం ఎడమ పుటలో పైన ఉందనో, సగం దాటాక వచ్చిందనో గుర్తుంటుంది. చదివిన పుటల మందం ఎడమ చేతికి, మిగిలిన పుటల మందం కుడి చేతికి తెలుస్తూనే ఉంటుంది. నార్వేకు చెందిన ఆన్ మాంగెన్ బృందం 50 మంది యువకులకు ఒకే పెద్దకథ ఇచ్చి, కొందరిని పుస్తకంలో, కొందరిని కిండిల్‌లో చదవమంది. కథ అర్థం కావడంలో, గుర్తుండడంలో దాదాపు తేడా రాలేదు. ఏ సంఘటన ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్న ప్రశ్నల దగ్గర మాత్రం అచ్చు పుస్తకం చదివినవాళ్లు మెరుగ్గా చెప్పారు.

వెతకడం, మోయడం, అక్షరం పెంచుకోవడం దగ్గర ఈ-పుస్తకానికి సాటి లేదు. వెయ్యి పుటల గ్రంథంలో ఒక పేరు ఎక్కడెక్కడ వచ్చిందో క్షణంలో చూపిస్తుంది. చత్వారం వచ్చిన కళ్లకు అక్షరాన్ని రెట్టింపు చేస్తుంది. పుస్తకం ధర కంటే తపాలా ఖర్చే ఎక్కువయ్యే దూరదేశాల్లోని తెలుగువాళ్లకు ఇంటికే అందుతుంది.

కానీ కొన్న ఈ-పుస్తకం పూర్తిగా కొన్నవారి సొత్తు కాదు. చాలా దుకాణాలు అమ్మేది చదువుకునే అనుమతిని మాత్రమే. 2009 జులైలో జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’, ‘యానిమల్ ఫామ్’ పుస్తకాలను, అమ్మినవాళ్లకు హక్కులు లేవని తేలడంతో, అమెజాన్ పాఠకుల కిండిళ్లలోంచి దూరం నుంచే తొలగించింది. డబ్బు వెనక్కిచ్చింది, తర్వాత క్షమాపణా చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కూడా డబ్బు తిరిగొచ్చింది, పుస్తకాలు పోయాయి. అచ్చు పుస్తకాన్ని పక్కింటివాళ్లకు ఎరువివ్వొచ్చు, పాత పుస్తకాల కొట్లో అమ్మొచ్చు, పిల్లలకు వదిలి వెళ్లొచ్చు. పాఠకుడికి ఈ స్వేచ్ఛ చిన్నది కాదు.

తెర కోసమే పుట్టిన రచనల్లో మొదటగా చెప్పుకునేది మైకేల్ జాయిస్ 1987లో కంప్యూటర్ మీద రచించిన ‘ఆఫ్టర్‌నూన్, ఎ స్టోరీ’. పాఠకుడు ఏ మాటను నొక్కితే కథ అటు తిరుగుతుంది. ఇద్దరు చదివితే ఇద్దరికీ వరస వేరవుతుంది. ఇలాంటి దాన్ని కాగితం మీదికి తేవడం కుదరదు. తెలుగులో ఈ బాట నడిచినవాళ్లు తక్కువ. తెలుగు ఎక్కువగా అందిపుచ్చుకున్నది వెబ్ పత్రికను. అమెరికాలోని తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన ‘ఈమాట’ అచ్చు ప్రతి లేకుండానే కథలు, కవితలు, వ్యాసాలు వెలువరిస్తూ వచ్చింది.

తెలుగు ఈ-పుస్తకం వెనకబడడానికి అసలు కారణం అక్షరాల్లో ఉంది. యూనికోడ్ అనే అంతర్జాతీయ అక్షర ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది, ఏ యంత్రమైనా దాన్ని తెలుగుగా గుర్తుపడుతుంది. అయినా మన డీటీపీ కేంద్రాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే పుస్తకాలు కూర్చాయి. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చోబెడతారు. గుడి ఒకచోట, ఒత్తు ఇంకోచోట. కంటికి అందమైన తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరస. అలా తయారైన పీడీఎఫ్‌లో ‘గోదావరి’ అని వెతికితే ఒక్కటీ దొరకదు. ఒక పేరా కాపీ చేసి వేరేచోట పెడితే గజిబిజి గుర్తులు పడతాయి. ఫోన్‌లో తెరిస్తే పుట మొత్తం చీమల బారులా కనిపిస్తుంది. పెద్దది చేస్తే ప్రతి వాక్యానికీ పుటను పక్కకు జరపాలి. ఇలాంటివి రెండు చదివి, తెర మీద తెలుగు చదవలేమని తేల్చేసినవాళ్లు ఎందరో. వాళ్లు చూసింది ఈ-పుస్తకాన్ని కాదు, పుస్తకం ఫొటోను. అసలైన ఈ-పుస్తకంలో అక్షరం సైజు పెంచితే వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి.

అమెజాన్ 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలను కిండిల్‌లోకి తెచ్చింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. అప్పటికే ‘కినిగె’ లాంటి తెలుగు సంస్థలు సొంతంగా ఈ-పుస్తకాలు అమ్మి దారి వేశాయి.

పాత పుస్తకాల విషయంలో మాత్రం తెలుగువాళ్లకు తెర చేసిన మేలు అంతా ఇంతా కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. ఎప్పుడో ముద్రణ ఆగిపోయిన పుస్తకాలు ఇంట్లో కూర్చున్నవాళ్లకు దొరికాయి. అయితే అవీ బొమ్మలే. పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు రాయడంతో, ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరకని పరిస్థితి. ఈ బొమ్మలను అక్షరాలుగా మార్చే పని తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తున్నారు. తెరకు ఒక పక్క స్కాన్ చేసిన పుట, ఇంకో పక్క యంత్రం చదివిన పాఠం ఉంటాయి. ఆ పాఠంలో తప్పులు దొర్లుతాయి. నడుమ చుక్క ఉంటే ‘థ’, లేకపోతే ‘ధ’. పాత అచ్చులో సిరా నిండి ఆ చుక్క పూడుకుపోతే యంత్రం పొరబడుతుంది. ‘ప’ను ‘వ’ అంటుంది, ‘మ’ను ‘య’ అంటుంది. మనిషి కూర్చుని ఒక్కో మాటా సరిచూస్తేనే పుట పూర్తయినట్టు.

ఆ శ్రమ ఫలితం చూపు లేనివాళ్లకు నేరుగా అందుతుంది. నిజమైన యూనికోడ్ పాఠాన్ని ఫోన్ పైకి చదివి వినిపిస్తుంది. బొమ్మగా ఉన్న పుటను యంత్రం ముందు అక్షరాలుగా మార్చుకోవాలి, ఆ తప్పులన్నీ వినేవాళ్ల చెవిన పడతాయి. చూపు లేనివాళ్లకు పుస్తకాలు అందేలా కాపీరైట్‌ను సడలించే మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం భారతదేశమే. ఆ హక్కు తెలుగు పాఠకుడి దాకా రావాలంటే ప్రచురణకర్తలు యూనికోడ్‌లో పుస్తకం కూర్చాలి.

ఇక మన్నిక. కలప గుజ్జుతో చేసిన చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది. అది పీచును లోలోపలే తెంపుతుంది. పుట మొదట పసుపు పచ్చబడుతుంది, తర్వాత మడిస్తే విరుగుతుంది. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాల్లో పాత పత్రికలను కాపాడడం అందుకే కష్టం. డిజిటల్ ప్రతికి చెద పట్టదు కానీ దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ కనుమరుగవుతుంది. 2020 చివర ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ఆగిపోయేసరికి దాని మీద కట్టిన ఎలక్ట్రానిక్ రచనలెన్నో మామూలు బ్రౌజర్లలో తెరుచుకోవడం మానేశాయి. స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల్లోనూ కొన్ని పుటలు తప్పిపోయాయి, కొన్ని వంకరపడి అంచు అక్షరాలు తెగిపోయాయి. వాటిని మళ్లీ స్కాన్ చేయాలంటే ఏదో ఒక గ్రంథాలయంలో ఆ పుస్తకం అచ్చు ప్రతి మిగిలి ఉండాలి.