స్లాట్‌లో దిగిన ర్యామ్ అంతా పనిచేయదు

సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ నెమ్మదిగా నడుస్తుంటే ర్యామ్ పెంచాలనుకోవడం సరైనదే. ‘ఎనిమిది జీబీ ఒకటి ఇవ్వండి’ అని అడగడం దగ్గరే తేడా వస్తుంది. ఏ ర్యామ్ పనిచేస్తుందో తేల్చేది జీబీలూ కాదు, కంపెనీ పేరూ కాదు. మదర్‌బోర్డు, దాని మీది ప్రాసెసర్. డీడీఆర్3కి 240 పిన్నులు, 1.5 వోల్టులు. డీడీఆర్4కి 288 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్5కీ 288 పిన్నులే కానీ 1.1 వోల్టులు, పిన్నుల మధ్య ఉండే గంటు వేరే చోట. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. ‘సిక్స్త్ జనరేషన్ ప్రాసెసర్ కాబట్టి డీడీఆర్4 వేయొచ్చు’ అన్న లెక్కా నమ్మదగింది కాదు: ఆ తరానికే చెందిన డెల్ ఆప్టిప్లెక్స్ 3040లో ఉండేది 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్.

మరి స్లాట్‌లో దిగితే పనిచేసినట్టే కదా? ఎక్కువగా డబ్బు పోయేది ఈ నమ్మకంతోనే. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ డీడీఆర్4కి గంటు మామూలు డెస్క్‌టాప్ ర్యామ్‌కున్న చోటే ఉంటుంది. చక్కగా కూర్చుంటుంది, క్లిప్పులు టక్కున పడతాయి, మామూలు డెస్క్‌టాప్ మాత్రం బూట్ కాదు. లేబుల్ చూస్తే తెలిసిపోతుంది: ‘పీసీ4-2400టీ’ తర్వాత గీత దాటగానే ‘యూ’ ఉంటే డెస్క్‌టాప్‌ది, ‘ఆర్’ ఉంటే సర్వర్‌ది. మొదట్లో కనిపించే ‘2ఆర్ఎక్స్8’లోని ఆర్ చూసి కంగారు పడొద్దు, అది ర్యాంకుల లెక్క.

‘రెండు కంపెనీలవి కలిపి వేసినా మా సిస్టమ్ బాగానే నడుస్తోంది’ అనేవాళ్ల మాటా నిజమే. ఒకే కంపెనీది కావాలన్న నియమం లేదు. 3200 వేగం ర్యామ్ పక్కన 2400ది పెడితే రెండూ 2400కే దిగి నడుస్తాయి; సిక్స్త్ జనరేషన్ ఆఫీసు డెస్క్‌టాప్‌లో అయితే ఎంత వేగం ర్యామ్ వేసినా 2133 దాటదు. అలాంటిచోట వేగానికి అదనంగా పెట్టే డబ్బు వృథా. కాకపోతే జతగా అమ్మేవి కలిపి పరీక్షించినవి, విడిగా కొన్నవాటికి ఆ భరోసా ఉండదు.

ఆదిలాబాద్ నుంచి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోయి తెచ్చుకున్నది పడకపోతే, మార్చుకోవడానికి మళ్లీ సుమారు 300 కిలోమీటర్లు పోవాలి. కరీంనగర్ వాళ్లకు అందులో సగం. బయల్దేరే ముందే పాత ర్యామ్ లేబుల్, మదర్‌బోర్డు మోడల్ నంబరు ఫొటో తీసుకోండి. పడకపోతే వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి.