రెండు పెట్టెల మధ్య మాట తెగితే...

విద్యార్థులారా! సికింద్రాబాదులో మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. పాదరసం 40 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులు ఏటా వస్తూనే ఉంటాయి. అటువంటి రోజున ఇంట్లోని ఏ.సి. ఉన్నట్టుండి చల్లదనం ఆపి, ముఖం మీద ఒక అక్షరమూ, ఒక అంకే చూపిస్తూ ఊరుకుందనుకోండి. "బోర్డు పోయింది, మార్చాలి" అంటాడు వచ్చిన మెకానిక్కు. అంటే వేల రూపాయల ఖర్చన్నమాట! నిజంగా పోయింది బోర్డేనా? లేక ఒక తీగ జాయింటా? దీన్ని తేల్చే విద్య మీ భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది.

ఎవరితో ఎవరు మాట్లాడతారు?

స్ప్లిట్ ఏ.సి.లో పెట్టెలు రెండు. లోపలిది గదిలోని వేడిని గ్రహిస్తుంది. బయటిది ఆ వేడిని వీధిగాలిలోకి వదులుతుంది. గది ఎంత వేడిగా ఉందో తెలిసేది లోపలి పెట్టెకు. పని చేయవలసిన కంప్రెసరు ఉండేది బయటి పెట్టెలో. కాబట్టి రెండూ మాట్లాడుకోక తప్పదు.

లోపలి పెట్టెకు వేడిని తెలిపేది థర్మిస్టరు అనే చిన్న గింజ. లోహాలు వేడెక్కితే నిరోధం పెరుగుతుందని చదువుకున్నారు కదా! ఇందులో తగ్గుతుంది. ఈ వింత గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడులో గమనించాడు.

ఇన్వర్టర్ రకం ఏ.సి.లలో సాధారణంగా రెండు పెట్టెల మధ్య నాలుగు తీగలుంటాయి: ఫేజు, న్యూట్రలు, ఎర్తు, నాలుగోది సంకేతాల తీగ. ఈ తీగలో వోల్టేజి గబగబా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. టెలిగ్రాఫులో చుక్కలు, గీతలు ఉన్నట్టే ఇక్కడ హెచ్చు, తగ్గులన్నమాట. "గది 30 డిగ్రీలు, కావలసింది 25" అని లోపలి పెట్టె చెబితే, "సరే, వేగం పెంచుతున్నాను" అని బయటి పెట్టె బదులిస్తుంది. బదులు కొంతసేపు రాకపోతే లోపలి పెట్టె యంత్రాన్ని ఆపించి, ఆ అక్షరమూ అంకే చూపిస్తుంది.

మౌనమంటే ప్రమాదం

బదులు రానంత మాత్రాన ఆపేయడం ఎందుకు? జవాబు కోసం మన రైలు పట్టాల దగ్గరికి వెళదాం. రైల్వే సిగ్నళ్ల విద్య నేర్పే ఇరిసెట్ సంస్థ 1957 నుంచి సికింద్రాబాదులోనే ఉంది. అక్కడ నేర్చుకునే మూలసూత్రాలలో ఒకటి ట్రాక్ సర్క్యూట్. అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ 1872లో దీనికి పేటెంటు పొందాడు. పట్టాల ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన రిలే ఉంటాయి. విద్యుత్తు రిలేకి చేరుతున్నంతసేపే దారి ఖాళీ అని అర్థం. రైలు వస్తే దాని చక్రాలు రెండు పట్టాలనూ కలిపేస్తాయి. రిలేకి విద్యుత్తు అందదు, ఎర్రదీపం వెలుగుతుంది. తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా అదే ఎర్రదీపం! వార్త రాకపోతే ప్రమాదమనే అనుకోవాలి. మన ఏ.సి. పాటించేదీ ఇదే నీతి.

ఇక్కడే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఎర్రదీపం చూడగానే "రైలు వచ్చింది" అని కచ్చితంగా చెప్పలేం. అలాగే ఏ.సి. చూపే అంకె "వార్త అందలేదు" అని మాత్రమే చెబుతుంది. ఎందుకు అందలేదో చెప్పదు. అది మనమే వెతకాలి.

వెతికే వరుస

మంచి మెకానిక్కు మొదట బయటి పెట్టెకు కరెంటు అందుతోందా అని చూస్తాడు. కరెంటే లేనివాడు బదులెలా ఇస్తాడు? తరువాత తీగలు రెండు కొసల్లోనూ ఒకే అంకె ఉన్న స్క్రూలకే బిగించి ఉన్నాయా అని పోలుస్తాడు. ఫేజు, న్యూట్రలు తారుమారైనా చాలా నమూనాలలో మాట ఆగిపోతుంది.

మూడోది తీగ పరీక్ష. కరెంటు పూర్తిగా ఆపి, తీగను రెండు కొసల్లోనూ విప్పి, మల్టీమీటరుతో నిరోధం కొలుస్తాడు. 5 మీటర్ల పొడవు, 1.5 చదరపు మిల్లీమీటర్ల మధ్యచ్ఛేద వైశాల్యం ఉన్న రాగి తీగ నిరోధం ఎంతో లెక్క కట్టండి. సుమారు 0.06 ఓములు వస్తుంది. అంటే మీటరు దాదాపు సున్నా చూపాలి. మధ్యలో ఎవరో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఉంటే, వానాకాలం తేమకు రాగి మీద ఆక్సైడు పొర ఏర్పడి నిరోధం పెరుగుతుంది. మీటరు పంపే విద్యుత్తు అతి స్వల్పం కనుక ఒక్కోసారి చెడ్డ జాయింటు కూడా మంచిదిగానే కనబడుతుంది. అందుకే తీగను కదిలిస్తూ కొలవాలి. ఎలుక కొరికిన చోటు కూడా ఈ పరీక్షలోనే బయటపడుతుంది. తీగ నిర్దోషి అని తేలిన తరువాతే బోర్డును అనుమానించాలి.

ఒక హెచ్చరిక. ఈ పెట్టెలను మీరు ఎన్నడూ విప్పకూడదు. మన ఇళ్లలోని 230 వోల్టుల విద్యుత్తును ఏకముఖంగా మార్చితే కెపాసిటర్లలో సుమారు 325 వోల్టులు నిలవ ఉంటుంది. స్విచ్చి ఆపిన తరువాత కూడా అది కొంతసేపు అలాగే ఉంటుంది. ప్రాణం తీయడానికి అది చాలు.

మీరు చేసి చూడండి

రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు తీసుకోండి. 8 తీగ ముక్కలను వరుసగా కలపండి. మీరు చూడకుండా మీ స్నేహితుణ్ణి ఒక ముక్క తీసేసి, అదే రంగు తొడుగులో దారం పెట్టమనండి. ఒక్కొక్క ముక్కనే పరీక్షిస్తే 7 సార్లు చూడవలసి రావచ్చు. అలా కాక, మొదటి 4 ముక్కలను కలిపి పరీక్షించండి. బల్బు వెలిగితే దోషం రెండో సగంలో ఉన్నట్టే. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. ఎన్ని పరీక్షలతో దొరికింది? మూడే మూడు! 64 ముక్కలుంటే ఎన్ని కావాలో మీరే ఆలోచించండి.

ఈసారి ఇంట్లో "బోర్డు పోయింది" అన్న మాట వినబడితే, "తీగ కొలిచి చూశారా అండీ?" అని మర్యాదగా అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీ ఇంటివారికి వేల రూపాయలు మిగల్చవచ్చు.