కూర్చుంటే ఒక ముక్క

ఒక పని చేయగానే ఇష్టమైనది దొరికితే కుక్క ఆ పని మళ్లీ చేస్తుంది. ఏమీ దొరకకపోతే మెల్లగా మానేస్తుంది. మెచ్చుకుంటూ నేర్పే పద్ధతికి ఆధారం ఇదే. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లులను పెట్టెల్లో ఉంచి, గడియ తీసుకుని బయటికొస్తే తిండి పెట్టి ఈ సంగతి గమనించాడు. తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకల మీద, పావురాల మీద దీన్ని లోతుగా పరిశీలించాడు. నొక్కితే టక్కుమనే చిన్న ఆటబొమ్మతో ఇంట్లో కుక్కకు ఎలా నేర్పవచ్చో 1951లో ఒక వ్యాసంలో వివరించాడు. ఇప్పుడు శిక్షకుల చేతుల్లో కనిపించే క్లిక్కర్ ఆ కోవలోదే.

క్లిక్కర్ లేకపోయినా ఇబ్బందేమీ లేదు. శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క చాలు. దాన్ని కుక్క ముక్కు దగ్గర ఉంచి, నెత్తి మీదుగా నెమ్మదిగా వెనక్కి జరపాలి. ముక్కు పైకి లేస్తుంది, నడుము కిందికి దిగుతుంది. వెనక భాగం నేలకు తగిలీ తగలగానే ‘శభాష్’ అని ముక్క అందించాలి. ఇక్కడ ఆలస్యం పనికిరాదు. రెండు మూడు సెకన్లు గడిచేసరికి కుక్క లేచి నిలబడుతుంది, లేచినందుకే ముక్క దొరికిందనుకుంటుంది. చేయి కదలికకు తడుముకోకుండా కూర్చోవడం అలవాటయ్యాక ‘కూర్చో’ అనే మాట చేర్చాలి. ఆ తర్వాత చేతిలో ముక్క లేకుండా అదే సైగ చేసి, కూర్చున్నాక జేబులోంచి తీసి పెట్టాలి. పాఠం బాగా వచ్చాక ప్రతిసారీ తిండి అక్కర్లేదు; ఒకసారి ముక్క, ఒకసారి నిమరడం, ఒకసారి బంతి. ఇంట్లో ఒకరు ‘కూర్చో’, ఒకరు ‘సిట్’, ఇంకొకరు ‘కూచోరా’ అంటే మాత్రం పాపం దానికి మూడు పాఠాలవుతాయి. రోజుకు రెండు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. దాని ఉత్సాహం తగ్గకముందే ఆపేయాలి.

తెలియకుండా ఇచ్చే బహుమతులే ఎక్కువ చిక్కు తెస్తాయి. ఇంటికొచ్చిన వాళ్ల మీదికి ఎగిరే కుక్కను ‘ఛీ, పో’ అంటూ రెండు చేతులతో నెడతారు. కుక్కకు అదీ ఆటే, తనను పట్టించుకోవడమే. ముఖం పక్కకు తిప్పుకుని నిలబడి, నాలుగు కాళ్లూ నేలమీద ఆనగానే పలకరిస్తే కొద్ది రోజుల్లో తేడా తెలుస్తుంది.

కర్రతో నేర్పే పాఠం వేరుగా ఉంటుంది. ఇంట్లో మూత్రం పోసినందుకు దెబ్బలు తిన్న కుక్క, మనుషుల కంటపడకుండా సోఫా వెనక పోయడం నేర్చుకుంటుంది. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ పడితే ఆ హెచ్చరిక మానేసి, నేరుగా కరిచే స్థితికి రావచ్చు. తోక కాళ్ల మధ్యకు ముడుచుకుని, చెవులు వెనక్కి వాల్చి కూర్చున్న కుక్కను చూసి బుద్ధిగా ఉందని మురిసిపోతారు, అది భయం. జంతు ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో కుక్కలన్నింటికీ బహుమతి పద్ధతులనే వాడాలని సూచించింది.

రోజూ వ్యాయామం లేని కుక్క చెప్పులు కొరుకుతుంది, కారణం లేకుండా మొరుగుతుంది. నడకకు తీసుకెళ్లినప్పుడు గొలుసు లాగితే వెంటనే ఆగిపోవాలి, వదులు కాగానే అడుగు వేయాలి. ముందుకు సాగడమే దానికి బహుమతి. స్తంభం దగ్గరా, గోడ మూలనా ఆగి వాసన చూస్తుంటే తొందరపెట్టకూడదు, నడకలో దానికి అసలైన ఆనందం అక్కడే ఉంది.

తెలుగు నేల ఎండల్లో వేళ చాలా ముఖ్యం. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా పాదాల్లోనే. ఒంటి వేడిని రొప్పుతూ తగ్గించుకుంటుంది. అందుకే పగ్ లాంటి పొట్టి ముక్కు జాతులు తొందరగా వడదెబ్బకు గురవుతాయి. బయల్దేరేముందు అరచేతి వెనక భాగాన్ని తారురోడ్డుకు ఆనించి చూడాలి. ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలకూ అది కాలుతుంది. తెల్లవారుజామునో, రోడ్డు చల్లబడ్డాక రాత్రివేళనో తిప్పడం మేలు.

ముక్కలుగా పెట్టినదంతా ఆ రోజు భోజనంలో తగ్గించాలి. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ, చాక్లెట్ కుక్కకు విషం. వాన పడి బయటికి వెళ్లలేని రోజు పాత తువ్వాలు పరిచి, నాలుగు ముక్కలు వేసి చుట్ట చుట్టి దాని ముందుంచితే, ముక్కుతో నెట్టుకుంటూ పది నిమిషాలు దాని పనిలో అది ఉంటుంది.