బ్రేకు వేస్తే బండి ఎందుకు జారుతుంది?

వాన పడి రోడ్డు తడిసింది. మోటారు సైకిల్ వేగంగా వస్తోంది. ఉన్నట్టుండి గేదె అడ్డం వచ్చింది. నడిపే మనిషి గబుక్కున బ్రేకు నొక్కాడు. బండి ఆగలేదు. జర్రున జారి పడిపోయింది.

బ్రేకు గట్టిగానే వేశాడు కదా! మరి ఎందుకు పడ్డాడు?

చక్రం తిరుగుతున్నంత సేపు టైరుకు రోడ్డు మీద పట్టు ఉంటుంది. బ్రేకు మరీ గట్టిగా పడితే చక్రం బిగుసుకుపోతుంది. చక్రం ఆగుతుంది, బండి ఆగదు. ఉన్న వేగానికి ముందుకే పోతుంది. తిరగని చక్రం రోడ్డు మీద జారుతుంది. తడి గట్టు మీద నడిచినప్పుడు చూడండి. అడుగు నిలిస్తే ఫర్వాలేదు. కాలు జారిందా, నిలదొక్కుకోవడం కష్టం. టైరు సంగతీ అంతే. ముందు చక్రం జారితే హ్యాండిల్ తిప్పినా లాభం లేదు. బండి పక్కకు ఒరిగిపోతుంది.

దీనికి విరుగుడు ఏ.బి.ఎస్. బ్రేకు. 1988లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ దీన్ని మోటారు సైకిల్‌కు పెట్టింది.

ఇది ఎలా పనిచేస్తుంది?

చక్రం దగ్గర చిన్న పరికరం ఉంటుంది. దాన్ని సెన్సర్ అంటారు. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అది కనిపెడుతుంది. ఆ సంగతి చిన్న కంప్యూటర్‌కు అందుతుంది. చక్రం బిగుసుకోబోతే కంప్యూటర్ పసిగడుతుంది. వెంటనే బ్రేకు ఆయిలు ఒత్తిడిని తగ్గిస్తుంది. చక్రం మళ్ళీ తిరుగుతుంది. టైరుకు పట్టు దొరుకుతుంది. అప్పుడు బ్రేకు మళ్ళీ పడుతుంది. ఇలా సెకనులో ఎన్నోసార్లు జరుగుతుంది. మన చేతికి అంత వేగం రాదు.

అప్పుడు బ్రేకు లివరు టకటక కొట్టుకున్నట్టు ఉంటుంది. భయపడి వదిలెయ్యకండి. గట్టిగా పట్టుకునే ఉండండి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. అంతకన్నా చిన్న బళ్ళకు సి.బి.ఎస్. ఉన్నా చాలన్నారు. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ ఒకటి కాదు. సి.బి.ఎస్.లో ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పడుతుంది. కాని చక్రం బిగుసుకోకుండా అది చూడలేదు. కొన్ని బళ్ళలో ఏ.బి.ఎస్. ముందు చక్రానికే ఉంటుంది. అడిగి తెలుసుకోండి.

తాళం తిప్పగానే మీటరులో ఏ.బి.ఎస్. దీపం వెలుగుతుంది. బండి కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే అది పనిచేయడం లేదన్నమాట. మెకానిక్‌కు చూపించండి.

గుర్తుంచుకోండి

ఏ.బి.ఎస్. ఉందని వేగంగా పోకండి. అరిగిన టైరుకు అది పట్టు తేలేదు. ఇసుక మీద, కంకర మీద బండి ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం పట్టవచ్చు. మలుపు రాకముందే వేగం తగ్గించండి. ముందు బండికి మీ బండికి మధ్య ఎడం ఉంచండి. హెల్మెట్ పెట్టుకోండి. మంచి బ్రేకు సాయం చేస్తుంది. జాగ్రత్త మాత్రం మనదే.

చెప్పండి చూద్దాం

1. చక్రం బిగుసుకుపోతే బండి ఎందుకు జారుతుంది?
2. లివరు టకటక కొట్టుకుంటే ఏం చేయాలి?
3. మీ ఇంట్లో బండి ఉందా? దానికి ఏ బ్రేకు ఉంది?