బెళుగుప్ప టు బందరు.. సముద్రం చూసొద్దాం!

వేరుశనగ విత్తి, వాన కోసం ఆకాశంకేసి చూసే ఊళ్లో పుట్టిన పిల్లాడికి సముద్రమంటే టీవీలో కనిపించే బొమ్మే. పిల్లల సంగతి సరే.. బెళుగుప్ప, ఉరవకొండ, కళ్యాణదుర్గం చుట్టుపక్కల అరవై దాటిన అవ్వాతాతల్లో కూడా సముద్రాన్ని కళ్లారా చూడనివాళ్లు ఉంటారు. తిరుపతి వెళ్తారు. మంత్రాలయం వెళ్తారు. కసాపురం ఆంజనేయుడికి మొక్కు తీర్చుకుంటారు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఎప్పుడన్నా పోదాంలే' అనుకుంటూనే ఏళ్లు గడిచిపోతాయి.

నిజానికి ఆ సముద్రానికీ బెళుగుప్పకూ ఓ చుట్టరికం ఉంది. శ్రీశైలం జలాశయం వెనక మాల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీరు, హంద్రీ-నీవా కాలువలో 216 కిలోమీటర్లు ప్రయాణించి 2012లో బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయానికి చేరింది. అలా పైకి రాకుండా నదిలోనే మిగిలిన కృష్ణమ్మ విజయవాడ దాటి, దివిసీమను చుట్టి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. జీడిపల్లి కట్టమీద నిలబడి నీళ్లు చూసి మురిసినవాళ్లు ఆ నది చివరి మజిలీ చూడాలంటే దిగాల్సిన ఊరు మచిలీపట్నం. అందరి నోట్లో బందరు.

చెన్నై ఇంకా దగ్గర కదా, విశాఖ ఇంకా అందం కదా అనొచ్చు. రెండూ నిజమే. కానీ అవి మహానగరాలు. ఆటోలకే సగం డబ్బు, ట్రాఫిక్‌కే సగం రోజు పోతుంది. బందరు అలా కాదు. సముద్రం, కోట, గుడి, కలంకారీ, లడ్డు.. అన్నీ పది పదిహేను కిలోమీటర్ల లోపే. ముసలివాళ్లనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని, జాగ్రత్తగా ఖర్చుపెట్టుకునే కుటుంబానికి ఇంతకన్నా వీలైన తీరం ఇంకోటి కనపడదు.

ఎప్పుడు వెళ్లాలి?

అసలు చిక్కంతా ఇక్కడే. అనంతపురం రైతుకు కాస్త తీరిక దొరికేది, చేతిలో నాలుగు రూపాయలు ఆడేది వేరుశనగ పీకి, కాయ అమ్ముకున్నాక. అంటే అక్టోబరు, నవంబరు. సరిగ్గా అదే బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. బందరు చరిత్రలో చీకటి రాత్రి 1864 నవంబరు 1. ఆనాటి ఉప్పెనలో దాదాపు 30 వేలమంది చనిపోయారు. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టనపెట్టుకుంది. రెండూ నవంబరులోనే.

భయపెట్టడానికి చెబుతున్న మాట కాదిది. ఇప్పుడు బందరులో వాతావరణ శాఖ రాడార్ ఉంది. హెచ్చరికలు రోజుల ముందే వస్తాయి. రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ ముప్పు ముంచుకొస్తున్నట్టు. వార్తల్లో 'మచిలీపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక' అని వినిపిస్తే, అంకె చిన్నదే కదా అని బయల్దేరొద్దు. టికెట్ డబ్బులు పోయినా ఫర్వాలేదు, ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు.

డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా హాయిగా ఉంటుంది. సంక్రాంతి మూడు రోజులూ మానుకుంటే చాలు. బస్సులూ లాడ్జీలూ కిటకిటలాడతాయి. ఎండాకాలంలో మాత్రం అస్సలు వద్దు. 'మాకు ఎండ కొత్తా?' అని సీమవాళ్లు నవ్వొచ్చు. బెళుగుప్ప ఎండ పొడి ఎండ. చెట్టు నీడకు చేరితే ప్రాణం లేచొస్తుంది. బందరు ఎండలో నీడకు వెళ్లినా ఉక్కపోత వదలదు. ఒంటికి చొక్కా అతుక్కుపోతుంది. అలవాటులేని పెద్దవాళ్లు తట్టుకోలేరు.

ఎలా వెళ్లాలి? ఎక్కడ ఉండాలి?

బెళుగుప్పకు రైలు లేదు కాబట్టి ముందు గుంతకల్లో, అనంతపురమో చేరాలి. గుంతకల్లు మీదుగా విజయవాడ వెళ్లే ప్రశాంతి, అమరావతి ఎక్స్‌ప్రెస్‌లు పాత చుట్టాలే. యశ్వంత్‌పూర్ నుంచి ధర్మవరం, నంద్యాల, గుంటూరు, విజయవాడ మీదుగా నేరుగా బందరు వెళ్లే కొండవీడు ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది. కాకపోతే అది వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. రోజులూ వేళలూ స్టేషన్లో కనుక్కున్నాకే సెలవు పెట్టండి. విజయవాడలో దిగితే అక్కణ్నుంచి బందరు 70 కిలోమీటర్లు. పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి బస్సులకు కొదవ లేదు. రెండు గంటలు చాలు.

కాలువలు, వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరిచెట్లు.. కిటికీ పక్కన సీటు పిల్లలకే ఇవ్వండి. ఇన్ని నీళ్లు ఒకేసారి చూడటం వాళ్లకు అదే మొదలు.

బస బందరు ఊళ్లోనే మంచిది. సముద్రం పక్కనే ఉండాలని ముచ్చటపడితే సాయంత్రం ఆరు దాటాక తిండికీ ఆటోకీ వెతుక్కోవాల్సి వస్తుంది. బస్టాండు, కోనేరు సెంటరు పరిసరాల్లో మామూలు లాడ్జీలు ఉన్నాయి. గది చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. కుళాయి తిప్పి చూడండి. సముద్రంలో మునిగొచ్చాక ఒంటి ఉప్పు కడుక్కోవడానికి మనిషికి రెండు బకెట్లు కావాలి మరి. కిటికీలకు దోమతెర ఉందో లేదో చూసుకోండి. అనంతపురం దోమ వేరు, కృష్ణా డెల్టా దోమ వేరు!

తాగేనీటి విషయంలో ఇంకో మాట. మన దగ్గర వందల అడుగులు బోరు వేసినా నీరు పడదని ఏడుపు. ఇక్కడ కొద్ది లోతులోనే నీళ్లుంటాయి. కానీ చాలాచోట్ల నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. చేతిపంపు కనిపించింది కదా అని పిల్లలు తాగేస్తారు, కనిపెట్టి ఉండాలి. క్యాన్ నీళ్లు కొనుక్కోవడమే నయం.

హోటల్లో సంగటి అడిగితే దొరక్కపోవచ్చు. అన్నం, పప్పు, గోంగూర, చేపల పులుసు.. ఇదీ ఇక్కడి వరస. చేపలు అలవాటు లేనివాళ్లు మొదటిరోజే రొయ్యలూ పీతల జోలికి పోకుండా ఉంటే కడుపు చల్లగా ఉంటుంది.

అలతో ఆటలొద్దు

మంగినపూడి బీచ్ ఊరికి పదకొండు పన్నెండు కిలోమీటర్లు. ఆటో మాట్లాడుకునేటప్పుడు రానూపోనూ, అక్కడ ఆగే గంటలతో సహా ఎంతో ముందే తేల్చుకోవాలి. ఉదయం ఆరుకల్లా చేరితే సూర్యోదయం చూడొచ్చు. తూర్పు తీరం కదా.. సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. ఒడ్డున తెల్లటి ఇసుక ఉంటుందని ఊహించుకుంటే నిరాశే. ఇక్కడి ఇసుక నలుపు, బురద రంగు. నీళ్లూ అంతే. ఒడ్డు చాలా దూరం వరకూ లోతులేకుండా ఏటవాలుగా ఉంటుంది. అందుకే ఇది భద్రమైన బీచ్ అని పేరు.

ఆ పేరే కొంప ముంచుతుంది. మోకాలి లోతే కదా అని నడుచుకుంటూ పోతారు. బెళుగుప్ప కుర్రాళ్లలో బావిలో ఈత నేర్చినవాళ్లు ఉంటారు. గట్టుమీంచి గెంతి మునిగి తేలగలరు. ఆ ధైర్యం ఇక్కడ పనికిరాదు. బావిలో నీరు కదలదు. సముద్రంలో నీరే మనిషిని కదిలిస్తుంది. ఒడ్డుకొచ్చిన అల తిరిగి వెళ్లేటప్పుడు కాళ్లకింద ఇసుకను తోడేస్తుంది. ఒక్కోచోట నీరంతా పాయలా ఏర్పడి వేగంగా లోపలికి లాగేస్తుంది. అలాంటి పాయలో చిక్కితే దానికి ఎదురీది ఒడ్డుకు రావాలని చూడకూడదు. గజ ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి. లాగుడు తగ్గాక ఒడ్డువైపు తిరగాలి. ఈత రానివాళ్లు మోకాలు దాటి అడుగేయకపోవడం ఒక్కటే దారి. పిల్లల చేతులు వదలొద్దు. ఫొటో కోసం అలకు వీపు చూపించి నిలబడొద్దు. ఆడవాళ్లకు తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది. చుడీదార్ లాంటిదైతే నయం. మందు తాగినవాళ్లను అసలు నీళ్లలో దిగనివ్వకండి.. బావగారైనా సరే, మరిదైనా సరే.

కార్తీక పౌర్ణమినాడు ఇక్కడ జనం ఇసకేస్తే రాలరు. ఆ రోజు పోలీసులు, గజ ఈతగాళ్లు కాపలా ఉంటారు. మామూలు రోజుల్లో ఆ కాపలా ఉంటుందనుకోవద్దు. అయితే పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ. గుంపులో పిల్లలు తప్పిపోయే భయమూ ఉంది. కాబట్టి పుణ్యస్నానం తప్పనిసరి కాకపోతే మామూలు రోజే మేలు, అదీ స్థానిక జాలర్లు ఎక్కడ దిగొచ్చంటే అక్కడే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది కూడా ఓ పౌర్ణమి ఉదయమే. మంగినపూడిలో స్నానానికి వచ్చినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి నేల బయటపడితే గవ్వలేరుకోవడానికి పరుగెత్తకూడదు, ఊరివైపు పరుగెత్తాలి.

బీచ్ దగ్గరే దత్తాశ్రమం ఉంది. అక్కడ పన్నెండు రాశుల పేరుతో పన్నెండు బావులు తవ్వించారు. ఎవరి రాశి బావి నీళ్లు వాళ్లు పోసుకోవాలని నమ్మకం. ఆ పక్కనే కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. లారీలు తిరిగే దారిలో పిల్లలు జాగ్రత్త.

రేవు పేరే ఊరి పేరు

పారశీకంలో బందర్ అంటే రేవు. అసలు ఈ తీరం పేరు రెండువేల ఏళ్ల కిందటే మధ్యధరా దాకా వెళ్లింది. ఈజిప్టు తీరంలోని అలెగ్జాండ్రియాలో కూర్చుని క్రీస్తుశకం రెండో శతాబ్దంలో భూగోళం రాసిన టాలెమీ, ఈ ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. తర్వాత గోల్కొండ నవాబులకు ఇదే ముఖ్యమైన రేవు. మక్కా యాత్రికులు ఓడెక్కిందీ ఇక్కడే. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు వచ్చి కొట్లు తెరిచారు. వాళ్లను ఇంతదూరం లాక్కొచ్చింది ప్రధానంగా ఒక్కటే.. రంగుల అద్దకం బట్ట.

ఆనాటి ఆనవాళ్లు చూడాలంటే డచ్చి సమాధులకు వెళ్లాలి. రాళ్లమీద చెక్కిన కులచిహ్నాలు, అక్షరాలు ఇప్పటికీ తేటగా ఉన్నాయి. ఊరికి దూరంగా ఉన్న బందరుకోటను 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కున్నాడు. ఇప్పుడక్కడ మిగిలింది కొన్ని శిథిలాలే. గుత్తి కోట, రాయదుర్గం కోట చూసిన కళ్లకు ఇది ఆనదు. అరగంట చాలు, అదీ పగలే. చెట్లూ పొదలూ ఉంటాయి, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. ఊళ్లో ఉన్న మరో గుర్తు ఆంధ్రా బ్యాంకు. పట్టాభి సీతారామయ్య 1923లో దాన్ని పెట్టింది ఈ ఊళ్లోనే. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

చిలకలపూడిలో భక్త నరసింహం 1929లో కట్టించిన పాండురంగస్వామి ఆలయం ఉంది. పండరిపురం వెళ్లలేనివాళ్లు ఇక్కడికొచ్చి మొక్కుకుంటారు. అదే చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకూ పేరు. సముద్రానికి వెళ్లేటప్పుడు అసలు బంగారం ఇంట్లోపెట్టి వీటిని వేసుకుంటే సగం దిగులు తీరుతుంది!

పెడనలో ఏం కొనాలి?

బందరు నుంచి పది కిలోమీటర్లుండే పెడనకు ఒక పూట కేటాయించండి. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసేది. ఇక్కడిది చెక్క అచ్చుతో అద్దేది. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టి నలుపు తీస్తారు. అచ్చు వేశాక ఉడకబెట్టి, పారే నీళ్లలో ఉతికి, ఎండలో పరుస్తారు. ముసురు పట్టిన రోజు వెళితే చూడటానికి ఏమీ ఉండదు, ఎండ లేనిదే ఈ పని సాగదు.

ధర్మవరం పట్టును వేలితో తడిమి చెప్పగలిగే సీమ ఆడవాళ్లు కూడా ఇక్కడ బోల్తాపడొచ్చు. స్క్రీన్ ప్రింటు గుడ్డను కలంకారీ పేరుతో అమ్మేవాళ్లున్నారు. అచ్చు పక్కన అచ్చు పడేచోట చిన్న తేడా కనిపిస్తే అది చేతిపని. ప్రతి పువ్వూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించాలి. (అచ్చుగుద్దినట్టు అనే మాట ఇక్కడ మాత్రం చెల్లదు.) కళ్లు జిగేల్మనే రంగులు సహజమైనవి కావు. దుకాణంలో బేరమాడే ముందు పని జరిగే షెడ్డు చూపించమని అడగండి. కొన్నదాన్ని మొదట్లో విడిగా ఉతికి నీడన ఆరేయాలి.

నదికి చివరి మజిలీ

హంసలదీవికి అవనిగడ్డ మీదుగా పోవాలి. బందరు నుంచి సుమారు 60 కిలోమీటర్లు. వేణుగోపాలస్వామి గుడి వరకూ ఇబ్బంది లేదు. నది సముద్రంలో కలిసేచోటు అక్కణ్నుంచి ఇంకా కిలోమీటర్ల దూరం, అటవీశాఖ అధీనంలోని దారి. వెళ్లనిస్తారా, ఏ వేళవరకు అన్నది గుడి దగ్గరే కనుక్కోవాలి. వాన పడితే ఆ దారి బురదే. సంగమం దగ్గర నదీ వేగం, సముద్రపు పోటూ రెండూ కలిసి నీరు సుడి తిరుగుతుంది. ఇక్కడ చూడటమే, దిగడం వద్దు. నీళ్లు నెత్తిన చల్లుకోవాలనుంటే చెంబుతో ముంచి తెమ్మని పడవవాళ్లనే అడగండి.

దారిలో ఘంటసాల బౌద్ధ స్తూపం, శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు గుడి కూడా వస్తాయి. ఆముక్తమాల్యద రాయమని కృష్ణదేవరాయలకు కలలో చెప్పింది ఈ స్వామేనని ప్రతీతి. ఓపికుంటే ఆగండి. ముసలివాళ్లు అలసిపోతే మాత్రం ఘంటసాల వదిలేయండి.

లడ్డు చివరిరోజే కొనండి. శనగపిండితో చేసిన కారప్పూసలాంటి దాన్ని దంచి, నెయ్యి, పాకం కలిపి చుట్టే ఈ తొక్కుడు లడ్డుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బెల్లంది అడిగితే వేరే ఇస్తారు. మెత్తగా ఉంటుంది కాబట్టి సంచి అడుగున పడేస్తే ఇంటికి పిండే చేరుతుంది. విజయవాడలో రాత్రి రైలు పట్టుకోవాలంటే హంసలదీవి నుంచి మధ్యాహ్నం మూడుకల్లా కదలాలి. అవనిగడ్డలో ఆలస్యమైతే నేరుగా విజయవాడ బస్సే ఎక్కండి, సామాన్లన్నీ పొద్దున్నే లాడ్జీలోంచి తెచ్చేసుకుని ఉంటే మళ్లీ బందరు తిరిగే పని ఉండదు.