అకాలమున అరుగు ఇనుము

తెలుగున 'అరుగు' అను క్రియకు అర్థములు పెక్కు. కావ్యములలో రాజులు వేటకు అరుగుదురు. ఇంట తిన్న అన్నము అరుగును. ఊరెల్ల తిరిగినవాని చెప్పులు అరుగును. పోవుట, జీర్ణమగుట, క్షయించుట అను మూడింటిని మన పూర్వులు ఒక్క మాటలో ఇమిడ్చిరి. ఈ మూడును ఒక్కచోట చూడగోరువారు సరకులు మోయు పికప్ బండి ఇంజనును చూడవచ్చును. అది పోవును, ఆయిలు త్రాగును, తాను క్షయించును.

అరుగుట యంత్రధర్మము; దానికి వగవ బనిలేదు. వగవదగినది అకాలమున అరుగుట. మదనపల్లె టొమాటోలను, గుంటూరు మిరపబస్తాలను మోయు బండ్లలో అప్పుచేసి కొన్నవి ఎన్నియో కలవు. వాయిదాలు తీరకమునుపే నీలిపొగ వెడలి, మాటిమాటికి ఆయిలు పోయవలసివచ్చి, తుదకు మెకానిక్కు "ఇంజను బోరుకు వచ్చినది" అని తీర్పు చెప్పిననాడు యజమాని గుండె చెరువగును. ఇంజను విప్పినన్నాళ్లు కిరాయి రాదు. వాయిదా మాత్రము ఆగదు. అమ్మినవాడు నడిపినవానిని, నడిపినవాడు లోహమును, మెకానిక్కు ఆయిలును నిందింతురు.

నిందను విడిచి లెక్క చూతము. రెండున్నర లీటర్ల నాలుగు స్ట్రోకుల డీజిల్ ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు, టర్బో లేకున్నను, సుమారు 2,500 లీటర్ల గాలిని పీల్చును. గంటకు 1,50,000 లీటర్లు! ఆ గాలితో పల్లెబాటల దుమ్మును వచ్చును. దుమ్ములోని ఇసుకరేణువు పోతయినుముకన్న కఠినము. పిస్టను రింగులకు, సిలిండరు గోడకు నడుమనుండు ఆయిలుపొర మందము మిల్లీమీటరున వెయ్యవ వంతుల లెక్కలోనిది. అందు దూరిన రేణువు ఆకురాయి పని చేయును.

గాలి ఫిల్టరును అధికపీడనముతో ఊది శుభ్రపరచుటయు ప్రమాదమే. కాగితము చిరిగినచో దుమ్మునకు రాజమార్గము తెరచినట్లగును. వేసవిలో ఇంజను కాగునని కొన్ని షెడ్లలో థర్మోస్టాట్‌ను తీసివేయు వాడుక కలదు. తగిన వేడి ఎక్కని ఇంజనులో తేమయు, కాలని డీజిలును ఆయిలున చేరి దాని సారము చెరచును. మేలనుకొన్నదే కీడగును.

1966లో బ్రిటనున పీటర్ జోస్ట్ అధ్యక్షతన వెలువడిన నివేదిక రాపిడి, అరుగుదల, కందెనల శాస్త్రమునకు 'ట్రైబాలజీ' అను పేరు నెలకొల్పి, అరుగుదల వలన దేశమునకే ధననష్టమని చాటెను. 'కందెన వేయని బండికి కావలసినంత సంగీతము' అని మన సామెత. కాని ఎడ్లబండి ఇరుసువలె ఇంజను ముందుగా మొరపెట్టుకొనదు. దాని సంగీతము వినవచ్చుసరికి కాలము మించియుండును.

కావున చెవికన్న వ్రాత మేలు. ఆయిలు మార్చిన తేది, అప్పటి కిలోమీటర్లు, నడుమ పోసిన పరిమాణము ఒక పుస్తకమున వ్రాసి బిల్లులు దాచవలెను. ఆయిలు ఖర్చు హెచ్చుచున్న సంగతి పొగకన్న ముందే అంకెలలో కనబడును. గ్యారంటీ గడువులో వివాదము వచ్చిన, నోటిమాట నిలువదు. ఆ పుస్తకము నిలుచును. ఉపాధ్యాయులు పై గాలిలెక్కను తరగతిలో చేయింపవచ్చును. బండి తోలు తండ్రులుగల విద్యార్థులు ఆ పుస్తకము వ్రాయు బాధ్యత వహింతురేని, వారి చదువు వెంటనే ఇంటికి అక్కరకు వచ్చును.